కొమురవ్వ బావి మీదుగా జాతీయ రహదారి

ఉదయం ఆరుంబావుకి గోదావరిఖని బస్టాండులో చెన్నూరు బస్సు ఎక్కాను. కండక్టరమ్మ ఆధార్ కార్డు చూసి మిషన్‌లోంచి ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు తీసిచ్చింది. సగం సీట్లలో మొదటి షిఫ్టుకు పోయే కార్మికులు టిఫిన్ డబ్బాలు ఒళ్లో పెట్టుకొని కునుకుతున్నారు. గోదావరి బ్రిడ్జి మీదికి వచ్చేసరికి తెల్లగా మంచు, దాని వెనక పవర్ ప్లాంటు పొగ. ఎక్కడ మంచు ఆగి ఎక్కడ పొగ మొదలైందో చెప్పలేం.

నా పేరు భాగ్యలక్ష్మి. నా భర్త బొగ్గుగనిలో పైకప్పు కూలి చనిపోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. మొదట్లో ఆఫీసులో ఫైళ్లు మోశాను. తర్వాత సర్వే సెక్షన్‌లో పటాల మీద పారదర్శక కాగితం పరిచి గీతలు ఎత్తిరాయడం నేర్చుకున్నాను. మొన్న ఎండాకాలం రిటైరయ్యేదాకా అదే నా పని. ఓపెన్‌కాస్టు, అంటే నేలను పైనుంచి తవ్వుకుంటూ పోయే గని, ఎక్కడిదాకా వస్తుందో, ఏ ఊరు లేచిపోవాలో, ఆ గీత నా చేతి మీదుగానే పోయేది.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని పేపరు చదువుతుంటే కొత్త జాతీయ రహదారి పటం కనబడింది. నాగపూర్ దగ్గర మొదలై చంద్రాపూర్, ఆసిఫాబాద్, మంచిర్యాల దాటి, గోదావరి మీద కొత్త వంతెన ఎక్కి, మంథని పక్కనుంచి భూపాలపల్లి, వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడ చేరుతుంది. గంటలు గంటలు మిగులుతాయని రాశారు. పటం బాగుంది. ఇన్నేళ్లు పటాలు చూసినదాన్ని, ఈసారి ఒక పటాన్ని నేల మీద చూడాలనిపించింది. రెండు రోజుల ప్రయాణం అనుకున్నాను: పల్లె బస్సుల్లో ఆ రోడ్డు వెంబడి వరంగల్ దాకా పోవడం, కాజీపేటలో రైలెక్కి ఇంటికి రావడం. భూసేకరణ ప్రకటనలు పేపర్లో వచ్చినప్పుడల్లా కత్తిరించి దాచడం నా పాత అలవాటు. ఆ కత్తిరింపులూ, ఒక కొలత టేపూ, రెండు చీరలూ సంచిలో వేసుకున్నాను.

ఇందారం దాటి జైపూర్ దగ్గర ఏడింటికి దిగాను. ఎర్రమట్టి కట్ట రెండు నిలువుల ఎత్తున పొలాలకు అడ్డంగా పడి ఉంది. టిప్పర్లు వరసకట్టి మట్టి పోస్తున్నాయి. టీ కొట్టు దగ్గర ఖమ్మం నుంచి నాగపూర్‌కు మిర్చి తోలే లారీ డ్రైవరు ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఇప్పటి దారిలో ఊరూరా స్పీడు బ్రేకర్లు, సంతలు, బర్రెలు అని చెప్పుకొచ్చాడు. "ఈ రోడ్డు పడితే నాకొక పూట మిగులుద్దమ్మా. ఇంట్లో పడుకుంటా" అన్నాడు. ఆయన మాట నాకు నచ్చింది. రోడ్డు మీద నాకు పగ లేదని ముందే చెబుతున్నాను. దవాఖానకు చేరక దారిలో పోయినవాళ్లను మా కాలనీలోనే ఇద్దరిని చూశాను.

తిరుగు బస్సులో గోదావరిఖని వచ్చి, పదీ ఇరవైకి మంథని బస్సు పట్టుకున్నాను. ఎనిమిదో ఇంక్లైన్ గని కాలనీ దాటితే కిటికీకి ఒక పక్కంతా ఓపెన్‌కాస్టు మట్టి గుట్టలు. వాటి మీద తుమ్మలు మొలిచి, తెలియనివాళ్లకు నిజం గుట్టల్లాగే ఉన్నాయి. నాకు మాత్రం వాటి కింద ఏ ఊరుందో పేరుతో సహా తెలుసు.

మంథనిలో పన్నెండింటికి దిగి, బస్టాండు పక్క మెస్సులో పప్పు, వంకాయకూరతో అన్నం తిన్నాను. శుభ్రంగా ఉంది, వెళ్లేవాళ్లు అక్కడే తినొచ్చు. నా ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి రిటైరైన సంస్కృతం మాస్టారట, తరతరాలుగా మంథనిలోనే ఉన్న కుటుంబం. నేను ఎందుకు తిరుగుతున్నానో విని నవ్వారు. ఆ రోడ్డు గోడల మధ్య పోయే రోడ్డనీ, ఎక్కడపడితే అక్కడ ఎక్కడానికి ఉండదనీ, ఎడ్లబండికి, ట్రాక్టరుకు, సైకిలుకు ప్రవేశం లేదనీ ఆయనే చెప్పారు. "మా పక్కనుంచే పోతది గని, మా కోసం పోతలేదు తల్లీ" అన్నారు చెయ్యి కడుక్కుంటూ.

పన్నెండూ యాభైకి పల్లె బస్సు. కిక్కిరిసి ఉంది. నా పక్కన డెబ్బై దాటిన ముసలమ్మ వచ్చి కూర్చుంది. సన్నగా ఉంది, ముక్కుకు ముక్కెర, చేతిలో నాలుగు మడతల కాగితం. రెండు స్టాపులదాకా నా కళ్లద్దాలనే చూసి, చివరికి ఆ కాగితం నా చేతిలో పెట్టింది.

"గిది జర సదివి చెప్పు బిడ్డా. మా వార్డు మెంబరు సదివిండు గని, వాని మాట నాకు సమజ్ గాలే."

అది భూసేకరణ నోటీసు. ఆమె పేరు కొమురవ్వ. ఎర్రగుంటపల్లిలో ఎకరంన్నర భూమి. 'ఖుష్కి' అని రాశారు, అంటే నీటి వసతి లేని మెట్టభూమి. బావి: లేదు. చెట్లు: లేవు. అభ్యంతరాలుంటే ఆ రోజే మధ్యాహ్నం రెండు గంటలకు గ్రామ పంచాయతీ దగ్గర చెప్పుకోవాలి.

ఉన్నదున్నట్టు చదివాను. ఆమె "బాయి లేదని రాసిన్రా?" అని రెండుసార్లు అడిగింది. లేదనే రాశారని రెండుసార్లూ చెప్పాను. మా ప్రాంతంలో నీళ్ల బావినీ బాయి అంటారు, బొగ్గు గనినీ బాయి అంటారు. ఆమె భర్త ఓదెలు ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగాడు. వాళ్ల సొంత ఊరు కమాన్‌పూర్ వైపు. ఓపెన్‌కాస్టు వచ్చి ఊరు లేచిపోయినప్పుడు, వచ్చిన పరిహారంతో ఈ ఎర్రగుంటపల్లిలో భూమి కొనుక్కున్నారు. రిటైరయ్యాక ఓదెలు, కొమురవ్వ, ఇద్దరు కూలీలు కలిసి నీళ్ల బాయి తవ్వారు. రాయి అడ్డొస్తే ఓదెలే గనిలో నేర్చిన పద్ధతిలో రంధ్రాలు వేసి పగలగొట్టాడట. నీళ్లు పడ్డ మూడో ఏడు ఆయన పోయాడు. అప్పటినుంచి ఆ బావి మీద ఆమె ఒక్కతే వరి, కూరగాయలు పండించుకుంటోంది.

ఒకటీ ముప్పావుకి ఎర్రగుంటపల్లి స్టేజీ వచ్చింది. నేను భూపాలపల్లి దాకా పోవాల్సినదాన్ని. ఆమె వెనకే దిగిపోయాను.

పంచాయతీ ఆఫీసుకు తాళం ఉంది. అరుగు మీద పదిహేను ఇరవై మంది నోటీసులు పట్టుకొని కూర్చున్నారు. సార్లు మూడు దాటాక వస్తారని ఫోనొచ్చిందట. అయితే ఈలోపు బావి చూపించమన్నాను. పొలం పది నిమిషాల నడక.

బావి ఉంది. లేదని రాసిన బావి. పన్నెండు గజాల లోతు, చుట్టూ రాతి కట్టడం, సగానికి పైగా నీళ్లు, మోటారు, పైపు. పక్కనే రెండు మామిళ్లు, ఒక నిమ్మ, నాలుగు మునగలు, గట్టున టేకు మొక్కలు. పసుపు రంగు పూసిన సిమెంటు హద్దురాయి బావికి ఆరడుగుల దూరంలో పాతారు. ఆ రాయి పాతినవాడికి, కాగితం రాసినవాడికి బావి కనబడకుండా ఉండే వీలే లేదు. కాలు జారితే అందులోనే పడతారు. నాకు ఒళ్లు మండింది. టేపు తీసి బావి వెడల్పు, రాయి నుంచి దూరం కొలిచి కత్తిరింపు కాగితం వెనక రాసుకున్నాను.

అప్పుడే ఇంకొకటి కనబడింది. ఉత్తరం నుంచి వస్తున్న పసుపు రాళ్లు తిన్నగా ఒకే వరసలో ఉన్నాయి. ఊరు దగ్గరికి వచ్చేసరికి ఆ వరస మెల్లగా తూర్పుకు ఒరిగింది. పెద్ద రోడ్లకు వంపులుంటాయి, అందులో వింత లేదు. కానీ వంపుకు ఒక కారణం ఉంటుంది: గుట్టో, చెరువో, గుడో. ఇక్కడ పడమటి వైపు ఉన్నది ఒక్క కంకర మిల్లు, దాని వెనక కొత్తగా కట్టిన ప్రహరీ. రాళ్ల వరస ఆ ప్రహరీని తప్పించుకొని, కొమురవ్వ వరిమడిలో దిగి, బావి దాటి, మళ్లీ తిన్నగా అయింది.

గట్టు మీద కూర్చుని నా కత్తిరింపులు విప్పాను. మొదటి ప్రకటనలో ఈ ఊరి సర్వే నంబర్లున్నాయి. వాటిలో కొమురవ్వ నంబరు లేదు. కంకర మిల్లు ఉన్న నంబరు ఏదని అక్కడున్న రైతును అడిగితే చెప్పాడు. అది మొదటి ప్రకటనలో ఉంది. ఏడాది తర్వాత వచ్చిన రెండో ప్రకటనలో ఆ నంబరు పోయింది, కొమురవ్వది వచ్చింది. ఎవరు జరిపారో, ఎందుకు జరిపారో నాకు తెలియదు. గీత జరిగిందని మాత్రం తెలుసు. అచ్చులో ఉంది.

ఇవన్నీ చూసి చెబుతుంటే కొమురవ్వ నన్ను అడిగింది, గివన్ని నీకెట్ల తెలుసు అని. బొగ్గు కంపెనీ సర్వే ఆఫీసులో పటాలు గీసేదాన్నని చెప్పాను. ఆమె చేతిలోని గడ్డిపోచ కింద పడేసి నా వైపు తిరిగింది.

"మా ఊరు లేచినప్పుడు గీత గీసింది నువ్వేనా?"

ఏ సంవత్సరమో అడిగాను. చెప్పింది. లెక్క సరిపోయింది. "నేనే గీసి ఉంటా అవ్వా" అన్నాను.

"ఆడ మేమున్నమని నీకు ఎవరన్న చెప్పిన్రా?"

"లేదు."

"నువ్వు అడిగినవా?"

ఆమె కోపంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది, అందుకే జవాబు చెప్పడం కష్టమైంది. అడగలేదని చివరికి తల అడ్డంగా ఊపాను. ఆమె కొంగు నడుముకు చెక్కుకుంది.

"గయితె ఇయ్యాల అడుగు" అంది.

మూడూ నలభైకి జీపు వచ్చింది. గిర్దావరు, అంటే రెవెన్యూ తనిఖీ చేసే ఉద్యోగి, వెంట రోడ్డు పని చూసే కుర్ర ఇంజనీరు, ఒక గుమస్తా. కుర్చీలు వేసుకుని పేర్లు పిలవడం, "అభ్యంతరం ఏమీ లేదు కదా" అనడం, వేలిముద్ర వేయించుకోవడం. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పట్టలేదు. చదువురాని మనిషిని ఏమీ లేదు కదా అని అడిగితే లేదనే అంటాడు. అదే అభ్యంతరం లేదన్న సంతకమైపోతోంది. నా కళ్ల ముందు ఐదుగురు అలా వేశారు. ఆరోవాడు వేయబోతుంటే నేను లేచి, వేసే ముందు కాగితంలో ఏముందో పైకి చదవమన్నాను.

గిర్దావరు నన్ను పైనుంచి కిందికి చూసి, మీరు ఈ ఊరివాళ్లా అని అడిగాడు. కాదన్నాను. అయితే మీకేం సంబంధం అన్నాడు. కొమురవ్వ నా పక్కన వచ్చి నిలబడి, "మా చెల్లె" అంది. అంత పోలిక లేని అక్కాచెల్లెళ్లను అతనెప్పుడూ చూసి ఉండడు. కాగితాలు నా వైపు తోశాడు.

నేను చదివాను. ఒక్కొక్క నోటీసూ గట్టిగా చదివాను. ఒకాయన కొట్టం లేదని రాశారు, ఉంది. ఇంకొకామెకు బోరు లేదని రాశారు, ఉంది. ఎనిమిది నోటీసుల్లో ఆరింటిలో ఉన్నవి లేవని రాశారు. కొమురవ్వ బావి దగ్గరికి నడవండని అడిగాను. చీకటి పడుతుందన్నారు. నాలుగున్నరకు చీకటి పడే ఊరు నేనెక్కడా చూడలేదు. అరుగు మీది వాళ్లందరూ ఒకేసారి లేచి నిలబడేసరికి వాళ్లూ లేచారు.

బావి చుట్టూ అందరం నిలబడ్డాం. గిర్దావరు లోపలికి తొంగి చూశాడు. కొమురవ్వ మోటారు వేసింది. నీళ్లు దూకుతూ వచ్చి అతని బూట్ల పక్కనుంచి మడిలోకి పోయాయి.

"ఇగ రాయి సారూ. లేనిది గిట్ల పారదు."

అక్కడికక్కడే పంచనామా రాయించాం. బావి లోతు, వెడల్పు నా టేపుతో కొలిచారు. చెట్లు లెక్కపెట్టారు. మిగతా వాళ్ల కొట్టాలు, బోర్లు కూడా రాసుకున్నారు. అది అయ్యాక రెండు ప్రకటనలూ ఇంజనీరు ముందు పెట్టి, గీత ఎందుకు జరిగిందని అడిగాను. అతను కాగితాలు రెండూ చదివాడు. ముఖం ఎర్రబడింది. తను ఉద్యోగంలో చేరి ఆరు నెలలేననీ, పటం తన చేతికి ఇలాగే వచ్చిందనీ చెప్పాడు. "మార్గం పైన ఫైనలయింది మేడం. మేం కింద గుర్తులు పెడతాం, అంతే."

ఆ మాట నాకు కొత్త కాదు. ఇన్నేళ్లు నేనూ అదే అనుకున్నాను. పైన ఉన్నవాళ్లు ఎవరో నిర్ణయిస్తారు, కింద ఉన్నవాళ్లం గీస్తాం, మధ్యలో ఊరు పోతుంది, ఎవరి చేతికీ మట్టి అంటదు. అతని వయసులో నేను ఉన్నప్పుడు ఎవరైనా వచ్చి ఇలా అడిగి ఉంటే నేను కూడా ఇంతే చెప్పేదాన్ని. అది అతనితో అన్నాను. అతను ప్రకటనలు రెండూ మడిచి తిరిగిచ్చాడు.

అవతలి పొలాలకు ఎలా పోవాలని ఒక రైతు అడిగితే, కిలోమీటరున్నర దూరంలో కట్ట కింద దారి వదులుతున్నామని చెప్పాడు. ఇప్పుడు గట్టు దాటి పోయే పొలానికి పోయి రావాలంటే మొత్తం ఆరు కిలోమీటర్లు తిరగాలి. నాగపూర్ వాడికి గంటలు మిగలడానికి ఎర్రగుంటపల్లి వాడు రోజూ గంట పోగొట్టుకోవాలి. ఆ గంట ఏ పటంలోనూ రాయరు.

మార్గం మార్చినందుకు అభ్యంతరం తెలుపుతూ నేను కాగితం రాశాను. పద్నాలుగు మంది సంతకాలు, వేలిముద్రలు వేశారు. గుమస్తా తీసుకుని సంచిలో పెట్టుకున్నాడు. ముట్టినట్టు రసీదు అడిగితే ఆఫీసుకొచ్చి తీసుకొమ్మన్నాడు. కొమురవ్వ పోయి జీపు ముందర నేల మీద కూర్చుంది. ఆమె పక్కన ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, తర్వాత అరుగు మీది వాళ్లంతా. ఎవరూ కేకలు వేయలేదు. ఒకామె ఆకు, వక్క తీసి అందరికీ పంచింది. ఆరుంబావుకి స్టాంపు వేసిన రసీదు చేతికొచ్చింది.

చివరి బస్సు పోయింది. ఆ రాత్రి కొమురవ్వ ఇంట్లో జొన్నరొట్టె, చింతకాయ తొక్కు తిని పడుకున్నాను. మర్నాడు ఆరూ నలభై బస్సుకు ఆమె స్టేజీ దాకా వచ్చింది. నా ఫోను నంబరు కాగితం మీద రాసిచ్చాను. బావి నిలుస్తుందా అని అడగలేదు. నిలవదేమోనని ఇద్దరికీ తెలుసు.

భూపాలపల్లిలో టిఫిను, అక్కడ బస్సు మారి పరకాల మీదుగా పదకొండున్నరకు హనుమకొండ. దారి పొడవునా పసుపు రాళ్లు కనబడుతూనే ఉన్నాయి: పత్తిచేలో, చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలో, ఒకచోట కొత్తగా అలికిన ఇంటి గడపకు పక్కనే. ఇంకొకచోట కట్ట పూర్తయి నల్లటి తారు మెరుస్తోంది. నిజం చెప్పాలంటే అందంగా ఉంది. ఆ అందమే నాకు ఇంకా కోపం తెప్పించింది. ఇంత బాగా వేయడం తెలిసినవాళ్లకు బావి ఉందని రాయడం తెలియదా?

రెండున్నర ప్రాంతంలో కాజీపేటలో రామగుండం వైపు పోయే రైలు. కిటికీ పక్క సీటు దొరికింది. ఎదురుగా జ్యోతినగర్ పవర్ ప్లాంటు క్వార్టర్లలో ఉండే ఇంజనీరు, భార్య. మాటల్లో కొత్త రోడ్డు సంగతి వచ్చింది. విజయవాడలో అత్తగారింటికి కారులో తేలిగ్గా పోవచ్చని, రైతులు కోర్టులకెక్కి ఆలస్యం చేస్తున్నారని ఆయన విసుక్కున్నాడు. చెడ్డమనిషి కాదు, నాకు మజ్జిగ ప్యాకెట్టు కొనిచ్చాడు. నేను నిన్న చూసినదంతా వరసగా చెప్పాను. బావి, రాళ్లు, రెండు ప్రకటనలు, వేలిముద్రలు. జమ్మికుంట దాటేదాకా ఆయన వింటూనే ఉన్నాడు. ఆయన భార్య మాత్రం, "అయితే ఆవిడ ఇప్పుడు ఎక్కడికి పోతుంది?" అని అడిగింది. ఈ రెండు రోజుల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. రెండోసారి లేచిపోయేటప్పుడు ఎక్కడికి పోవాలో ఒక మనిషి ఎలా చెబుతుంది?

పెద్దపల్లి వస్తుండగా ఫోను మోగింది. కొమురవ్వ, పొరుగింటి ఆమె ఫోను నుంచి మాట్లాడుతోంది. పొద్దున్నుంచి పక్క రెండూళ్ల నుంచి జనం నోటీసులు పట్టుకొని తన ఇంటికి వస్తున్నారట. వాళ్ల విచారణ రేపేనట. ఎవరికీ చదివి చెప్పేవాళ్లు లేరట.

"నిన్ను పిలుస్తలేను బిడ్డా. నీకు నీ ఇల్లున్నది. గని వీళ్లకు ఏం చెప్పాలె?"

రైలు పెద్దపల్లిలో ఆగింది. నా టికెట్టు రామగుండం దాకా ఉంది. అక్కడ నుంచి ఇంటికి ఆటోలో వెళ్లి, స్నానం చేసి, కాళ్లు చాపుకోవచ్చు. పైనున్న సంచి దించమని ఆ ఇంజనీరును అడిగాను. ఆయన దించి, తలుపు దాకా మోసుకొచ్చి, ప్లాట్‌ఫారం మీద పెట్టాడు.

నాలుగున్నరకు మంథని బస్సు ఉందని స్టేషను బయట టీ కొట్టాయన చెప్పాడు. ఫోనులో కొమురవ్వ ఇంకా ఉంది. ఎవరినీ వేలిముద్ర వేయొద్దని చెప్పమన్నాను, నేను వచ్చేదాకా.